క్షయ, విటమిన్ డి: కణంలో కనిపించిన బలం మాత్రలో ఎందుకు కనిపించలేదు?

ఇంట్లో ఒకరికి క్షయ అని తేలగానే మందులతో పాటు ప్రశ్నలూ వచ్చి చేరతాయి. వాటిలో ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్నది విటమిన్ డి గురించి. ఒంట్లో అది తగ్గిపోవడం వల్లే జబ్బు వచ్చిందా, దాన్ని భర్తీ చేస్తే త్వరగా నయమవుతుందా, మిగిలిన కుటుంబ సభ్యులు కూడా వేసుకుంటే వారికి సోకకుండా ఉంటుందా అని అడుగుతున్నారు. రక్తపరీక్షల ప్యాకేజీల్లో విటమిన్ డి ఒక భాగమైపోయి, చాలామంది రిపోర్టుల్లో ‘లోపం’ అనే మాట కనిపిస్తుండడంతో ఈ అనుమానం మరింత బలపడింది.

శాస్త్రం ఇచ్చిన సమాధానాలు పైకి ఒకదానితో ఒకటి పొసగనట్లే ఉంటాయి. ప్రయోగశాలలో మనిషి కణాలను తీసుకుని చూస్తే, క్షయ బ్యాక్టీరియాను చంపే పనిలో విటమిన్ డి ఒక ముఖ్యమైన అంచె. ఆసుపత్రుల్లో, బడుల్లో వేలమందికి ఆ విటమిన్ ఇచ్చి ఏళ్ల తరబడి గమనిస్తే, ఆశించిన మేలు దాదాపుగా కనిపించలేదు. ఈ రెండు మాటలూ నిజమే. రెండూ ఏకకాలంలో ఎలా నిజం కాగలవో అర్థం కావాలంటే మొదటి నుంచి రావలసి ఉంటుంది.

## సోకడం వేరు, జబ్బు పడడం వేరు

క్షయకు కారణమైన బ్యాక్టీరియాను కనుగొన్నట్లు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించారు. రోగి దగ్గినప్పుడు వెలువడే అతిసన్నని తుంపరల ద్వారా అది గాలిలోకి, అక్కడి నుంచి మరొకరి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. చేరినంత మాత్రాన జబ్బు వచ్చినట్లు కాదు. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ బ్యాక్టీరియా సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేస్తోంది. అలా సోకినవారిలో జీవితకాలంలో జబ్బు పడేది నూటికి ఐదు నుంచి పది మంది మాత్రమే. మిగిలినవారిలో రోగనిరోధక వ్యవస్థ దాన్ని అణచి ఉంచుతుంది లేదా తుడిచివేస్తుంది. ఆ అదుపును సడలించేవి ఏవో చాలావరకు తెలిసినవే: పోషకాహార లోపం, హెచ్ఐవీ, మధుమేహం, పొగ, మద్యం.

కాబట్టి ‘విటమిన్ డి క్షయను ఆపుతుందా’ అన్నది ఒక ప్రశ్న కాదు. బ్యాక్టీరియా సోకకుండా ఆపుతుందా, సోకినవారు జబ్బు పడకుండా ఆపుతుందా, జబ్బు పడినవారు మందులతో కోలుకోవడాన్ని వేగవంతం చేస్తుందా అనే మూడు వేర్వేరు ప్రశ్నలవి. ఒకదానికి దొరికిన జవాబును మరొకదానికి అంటగట్టడం వల్లే గందరగోళంలో సగం పుడుతోంది.

## రక్తపరీక్ష కొలిచేది దేనిని

ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు చర్మం మీద పడినప్పుడు అక్కడి కొలెస్టరాల్‌కు దగ్గరి పదార్థం ఒకటి విటమిన్ డి3గా మారుతుంది. కాలేయంలో అది 25-హైడ్రాక్సీ విటమిన్ డి అవుతుంది. ఇది నిల్వ రూపం. వారాల తరబడి రక్తంలో తిరుగుతుంది. ల్యాబులు కొలిచేది దీన్నే. మూత్రపిండాలు అవసరాన్ని బట్టి ఇందులో కొంత భాగాన్ని చురుకైన రూపంగా మార్చి, పేగుల నుంచి కాల్షియం గ్రహింపును నడిపిస్తాయి. ఎముకలకు సంబంధించిన కథ ఇక్కడితో ముగుస్తుంది. రోగనిరోధకతకు సంబంధించిన కథ ఇక్కడే మొదలవుతుంది.

రిపోర్టులో కనిపించే హద్దులు ఎముకల ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని గీసినవి. మిల్లీలీటరు రక్తంలో 20 నానోగ్రాముల కంటే తక్కువుంటే లోపమని, 30 వరకు చాలీచాలని స్థాయి అని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2011లో చెప్పింది. అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఆ అంకెలను సమర్థించడం మానుకుంది. క్షయను ఎదుర్కోవడానికి ఎంత కావాలన్న దానికి అందరూ ఒప్పుకున్న హద్దు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. రిపోర్టులో ‘18’ అని చూసి క్షయ భయంతో కంగారుపడేవారు ఈ ఒక్క విషయం తెలుసుకున్నా కొంత ఊరట పొందుతారు.

ఎండ ఇంతగా కాసే నేల మీద లోపం ఏమిటన్న సందేహం సహజం. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు నగరంలోను, చుట్టుపక్కల పల్లెల్లోను ఆరోగ్యవంతులను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లోపం రెండు చోట్లా కనిపించింది. పల్లెల్లో ఎండన పనిచేసేవారి స్థాయిలు మాత్రం నగరవాసుల కంటే మెరుగ్గా ఉన్నాయి. తిండిలో కాల్షియం తక్కువగా, కాల్షియం గ్రహింపును అడ్డుకునే, గింజధాన్యాల్లోని ఫైటేట్లు ఎక్కువగా ఉండడాన్ని కూడా వారు గుర్తించారు. తిరుపతి అక్షాంశంలో చర్మం విటమిన్ డిని బాగా తయారుచేసేది పగలు 11 నుంచి 2 గంటల మధ్య అని అదే బృందం తర్వాతి పరిశీలనలో తేలింది. ‘పొద్దున్నే లేత ఎండలో పావుగంట’ అనే సలహాకు విటమిన్ డి విషయంలో ఆధారం అంత గట్టిది కాదన్నమాట.

## మాక్రోఫేజ్ లోపల ఏం జరుగుతుంది

ఊపిరితిత్తుల్లోని గాలి గదులకు చేరిన క్షయ బ్యాక్టీరియాను మొదట పట్టుకునేవి మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు. అవి బ్యాక్టీరియాను మింగి, ఒక పొరసంచిలో బంధించి, ఆ సంచిలోకి ఆమ్లాన్ని, జీర్ణరసాలను వదిలి చంపుతాయి. క్షయ బ్యాక్టీరియా ప్రత్యేకత ఏమిటంటే, ఈ చివరి అడుగు పడకుండా అది అడ్డుపడగలదు. తనను మింగిన కణాన్నే నివాసంగా మార్చుకుని అక్కడే వృద్ధి చెందుతుంది.

మాక్రోఫేజ్‌ల మీద విటమిన్ డి చురుకు రూపాన్ని వేస్తే లోపలి బ్యాక్టీరియా పెరుగుదల మందగిస్తుందని 1980లలోనే గమనించారు. ఎందుకలా జరుగుతుందన్నది 2006లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చూపారు. బ్యాక్టీరియా ఉనికిని మాక్రోఫేజ్ పైనున్న గ్రాహకం పసిగట్టగానే కణంలో రెండు మార్పులు వస్తాయి. రక్తంలో తిరిగే నిల్వ రూపాన్ని చురుకు రూపంగా మార్చే ఎంజైమును కణం తానే తయారుచేసుకోవడం మొదలుపెడుతుంది. ఆ చురుకు రూపాన్ని అందుకునే విటమిన్ డి గ్రాహకాలనూ పెంచుకుంటుంది. ఆ రెండూ కలిసినప్పుడు కేథలిసిడిన్ అనే చిన్న ప్రొటీన్ తయారవుతుంది. బ్యాక్టీరియా పొరను ఛిద్రం చేయగలిగిన సహజ ఆయుధమది.

ఆ ప్రయోగంలో అన్నిటికంటే ఆలోచింపజేసిన భాగం ఇంకొకటుంది. విటమిన్ డి నిల్వలు తక్కువగా ఉన్న ఆఫ్రికన్ అమెరికన్ల రక్తరసంలో మాక్రోఫేజ్‌లను ఉంచితే కేథలిసిడిన్ తయారీ బలహీనంగా సాగింది. అదే రక్తరసంలో 25-హైడ్రాక్సీ విటమిన్ డి కలిపితే తయారీ పుంజుకుంది. కణం, బ్యాక్టీరియా, గ్రాహకం అన్నీ సిద్ధంగా ఉన్నా ముడిసరుకు చాలకపోతే ఆయుధం తయారు కాదని అది తేటతెల్లం చేసింది. టి-కణాలు అనే మరో రకం రక్షక కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం మాక్రోఫేజ్‌ను క్రియాశీలం చేయాలన్నా విటమిన్ డి చాలినంత ఉండాలని 2011లో తేలింది. కణం తన లోపలి చెత్తను తానే జీర్ణించుకునే ఆటోఫేజీ ప్రక్రియనూ ఇది ప్రేరేపిస్తుంది. మరోవైపు, ఊపిరితిత్తుల కణజాలాన్ని నాశనం చేసే మితిమీరిన వాపును తగ్గించే స్వభావమూ దీనికి ఉంది.

ఈ కేథలిసిడిన్ మార్గం ఎలుకల్లో లేదు. వాటి కేథలిసిడిన్ జన్యువుకు విటమిన్ డి ఆదేశాన్ని అందుకునే మీట ఉండదు. అందువల్ల జంతువుల మీద తేల్చుకునే వెసులుబాటు ఇక్కడ తక్కువ. తుది మాట మనుషుల మీద జరిగే పరీక్షల నుంచే రావాలి.

## చేపనూనె కాలం నుంచి ఆరోగ్యవరం దాకా

ఈ ఆశ కొత్తది కాదు. విటమిన్ అన్న భావనే లేని 1840లలో లండన్‌లోని బ్రాంప్టన్ ఆసుపత్రి క్షయ రోగులకు కాడ్ చేప కాలేయపు నూనె పట్టించేది. అది విటమిన్ డి దండిగా ఉన్న పదార్థమని తర్వాత తెలిసింది. చర్మ క్షయను కాంతితో నయం చేసినందుకు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆయన కాంతిని పుండు మీదే కేంద్రీకరించారు కాబట్టి, ఆ గుణం విటమిన్ డి ద్వారా వచ్చిందని చెప్పలేం. క్షయ రోగులను ఉంచి చూసుకునే శానటోరియంలు స్వచ్ఛమైన గాలి, ఎండ, విశ్రాంతి, బలమైన తిండి అనే సూత్రం మీద వెలిశాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, వికారాబాద్ అనంతగిరి కొండలు ఆ కాలపు గుర్తులే.

ఆ సూత్రంలో ఎంత బలముందో నిక్కచ్చిగా పరీక్షించింది 1950ల చివర్లో మద్రాసులో జరిగిన అధ్యయనం. రోగులను రెండు గుంపులు చేసి, కొందరిని శానటోరియంలోను, మిగిలినవారిని వారి ఇరుకు ఇళ్లలోనే ఉంచి, ఒకే రకమైన మందులు ఏడాదిపాటు ఇచ్చారు. ఇంటి దగ్గరున్నవారి తిండి, వసతి, విశ్రాంతి అన్నీ తక్కువరకానివే అయినా, వారు కోలుకున్న తీరు శానటోరియం రోగులతో దాదాపు సమానంగా ఉంది. ప్రపంచమంతటా క్షయ చికిత్స ఇళ్లకు మారడానికి ఆ ఫలితం దారి వేసింది. సరైన మందు అందుతున్నప్పుడు పక్కనున్న ఇతర సహాయాల ప్రభావం కంటికి ఆనడం ఎంత కష్టమో కూడా అది చెప్పకనే చెప్పింది. విటమిన్ డి పరీక్షలను చదివేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

## తక్కువ ఉన్నందుకు జబ్బా, జబ్బు వల్ల తక్కువా

పశ్చిమ లండన్‌లో స్థిరపడిన గుజరాతీల మీద 2000లో వచ్చిన అధ్యయనం ఈ రంగంలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. శాకాహారం ఎక్కువ, ఎండ తక్కువ అయిన ఆ సమాజంలో విటమిన్ డి లోపం ఉన్నవారు క్షయ రోగులయ్యే సంభావ్యత సుమారు మూడింతలని, రక్తంలో అసలు కొలవలేనంత తక్కువ ఉన్నవారిలో దాదాపు పదింతలని అది లెక్కగట్టింది. తర్వాత మరెన్నో దేశాల్లో ఇదే దిశలో ఫలితాలు వచ్చాయి.

అయితే ఇలాంటి లెక్కల్లో ఒక లొసుగు ఉంది. ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక ఊళ్లో వెయ్యి మంది ఉన్నారని, అందరి సగటు స్థాయి 22 అని అనుకుందాం. వారిలో పదిమందికి క్షయ వచ్చింది. నీరసంతో రెండు నెలలు ఇల్లు కదలలేదు, తిండి సయించలేదు, ఒంట్లో వాపు ప్రక్రియ సాగింది. ఆ పదిమంది స్థాయి 14కు పడిపోయింది. ఆ తర్వాత వచ్చిన పరిశోధకుడు రోగుల్లో 14, ఆరోగ్యవంతుల్లో 22 అని కొలిచి, లోపం వల్లే క్షయ వచ్చిందని రాసుకుంటే తలకిందులైన నిర్ధారణ అవుతుంది. చికిత్స మొదలయ్యాక కొలిస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. క్షయ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి విటమిన్ డి నిల్వలను తగ్గిస్తుంది. మరో క్షయ మందు ఐసోనియాజిడ్ కూడా విటమిన్ డి మార్పిడిలో జోక్యం చేసుకుంటుంది.

దీనికి విరుగుడు, జబ్బు రాకముందే రక్తం తీసి దాచి, తర్వాత ఎవరు జబ్బు పడ్డారో చూడడం. పెరూ రాజధాని లిమాలో క్షయ రోగుల కుటుంబ సభ్యుల మీద ఇలాగే చేశారు. ఆ సమాచారాన్ని, ఇతర దేశాల సమాచారాన్ని కలిపి 2019లో చేసిన విశ్లేషణలో 20 నానోగ్రాముల కంటే తక్కువున్నవారికి ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లుగా తేలింది. హెచ్ఐవీ ఉండి, విటమిన్ డి 10 నానోగ్రాముల కంటే పడిపోయినవారిలో అది నాలుగు రెట్లకు పైనే. అంటే సంబంధం పూర్తిగా భ్రమ కాదు. అయినప్పటికీ విటమిన్ డి తక్కువున్న ఇంట్లో మాంసకృత్తులు, ఇనుము, జింకు కూడా తక్కువే ఉండవచ్చు. ముప్పులో ఏది ఎంత వంతో పరిశీలనలతో విడదీయడం అసాధ్యం. విటమిన్ డిని ఒక్కదాన్నే ఇచ్చి చూస్తే తప్ప తేలదు.

## మందులతో పాటు ఇచ్చి చూస్తే

ఆఫ్రికాలోని గినీ-బిసావులో 365 మంది రోగులకు చికిత్సతో పాటు విటమిన్ డి గాని, అదే రూపంలో ఉన్న ఉత్తి మాత్ర గాని ఇచ్చి 2009లో ఫలితం ప్రకటించారు. మరణాల్లో, లక్షణాల్లో తేడా రాలేదు. లండన్‌లో ఒక్కోటి లక్ష యూనిట్ల చొప్పున నాలుగు మోతాదులు ఇచ్చిన 2011 పరీక్షలో తెమడలో బ్యాక్టీరియా కనుమరుగవడానికి విటమిన్ గుంపుకు 36 రోజులు, మరో గుంపుకు 43.5 రోజులు పట్టింది. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పగలిగినంత గట్టిది కాదు. విటమిన్ డి గ్రాహకంలో ఒక ప్రత్యేక జన్యురూపం ఉన్న కొద్దిమందిలో మాత్రం మేలు స్పష్టంగా కనిపించింది.

మనకు దగ్గరి ఉదాహరణ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆధ్వర్యంలోనిది. 2015లో ప్రచురితమైన ఆ పరీక్షలో లండన్ మోతాదులనే వాడారు. విటమిన్ తీసుకున్నవారికి 43 రోజులు, తీసుకోనివారికి 42 రోజులు పట్టింది.

ఎనిమిది పరీక్షల్లో పాల్గొన్న 1,850 మంది వివరాలను ఒక్కొక్కరివిగా కలిపి 2019లో చేసిన విశ్లేషణ కూడా తెమడలోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్షలో అది కనుమరుగయ్యే వేగం మొత్తం మీద పెరగలేదనే చెప్పింది. పలు మందులకు లొంగని క్షయ ఉన్నవారిలో మాత్రం వేగం కనిపించింది. మందు బలహీనంగా ఉన్నచోట శరీరపు సొంత బలానికి ఎక్కువ పని ఉంటుంది కాబట్టి ఈ ఫలితం తర్కానికి నిలుస్తుంది. కానీ ఆ ఉపగుంపు చాలా చిన్నది. దాన్ని ఆధారం చేసుకుని చికిత్సను మార్చడం తొందరపాటే అవుతుంది.

## మంగోలియా బడిపిల్లలు చెప్పిన జవాబు

నివారణ సంగతి తేల్చడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకదనిపించేలా ఉలాన్‌బాతర్‌లో ఒక పరీక్ష జరిగింది. శీతకాలం సుదీర్ఘం, ఎండ స్వల్పం, క్షయ ఎక్కువ. 6 నుంచి 13 ఏళ్ల వయసున్న, అప్పటికి బ్యాక్టీరియా సోకని 8,851 మంది పిల్లలను ఎంచుకున్నారు. వారిలో నూటికి 95 మందికి పైగా 20 నానోగ్రాముల కంటే తక్కువ స్థాయిలో ఉన్నారు. సగం మందికి వారానికి 14,000 యూనిట్లు, అంటే రోజుకు 2,000 చొప్పున, మూడేళ్లు ఇచ్చారు. మిగిలిన సగానికి ఉత్తి మాత్ర.

మూడేళ్ల తర్వాత విటమిన్ గుంపు సగటు 31కి చేరింది. రెండో గుంపు 10.7 దగ్గరే ఉండిపోయింది. అంటే మాత్ర రక్తంలో చేయవలసిన పని చేసింది. కానీ బ్యాక్టీరియా సోకినట్లు రక్తపరీక్షలో తేలినవారు విటమిన్ గుంపులో 3.6 శాతం, రెండో గుంపులో 3.3 శాతం. వెయ్యి మంది చొప్పున చూస్తే 36, 33. జబ్బు పడిన పిల్లల సంఖ్యలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2020లో వెలువడిన ఈ ఫలితాన్ని కేప్‌టౌన్ పిల్లల మీద జరిగిన పరీక్ష 2023లో బలపరిచింది. టాంజానియాలో హెచ్ఐవీ చికిత్స మొదలుపెడుతున్న నాలుగు వేల మంది పెద్దలకు ఇచ్చి చూసినా ఊపిరితిత్తుల క్షయ తగ్గలేదు.

## ఈ వైరుధ్యాన్ని వివరించే వాదనలు

విటమిన్ డి పట్ల ఇంకా ఆశ ఉన్న పరిశోధకుల వాదనలో బలం లేకపోలేదు. మొదటి పరీక్షల్లో చాలావాటిలో నెలకో, రెండు వారాలకో ఒకేసారి భారీ మోతాదు ఇచ్చారు. శరీరం దాన్ని అంతే వేగంగా విచ్ఛిన్నం చేసే యంత్రాంగాన్ని మేల్కొల్పుతుందని, చిన్న మోతాదులు తరచుగా ఇస్తే ఫలితం వేరుగా ఉండవచ్చని వారంటారు. అసలు లోపమే లేనివారిని కూడా చేర్చుకోవడం వల్ల మేలు మరుగున పడిందనేది మరో వాదన. ప్రమిదలో నూనె అయిపోతే దీపం ఆరుతుంది గాని, నిండుగా ఉన్న ప్రమిదలో ఇంకా పోస్తే వెలుగు పెరగదు.

కానీ మంగోలియా పరీక్ష ఈ రెండు అభ్యంతరాలకూ చోటివ్వలేదు. అక్కడ లోపం తీవ్రం, మోతాదు వారంవారం, కాలం మూడేళ్లు. అందుకే నా అంచనాలో, సోకకుండా ఆపడమన్న ప్రశ్న వరకు జవాబు దాదాపుగా వచ్చేసినట్టే. మాత్రతో మేలు లేదనే పక్షం వివరణ కూడా సరళమైనదే: మాక్రోఫేజ్‌కు క్షయను ఎదుర్కొనే మార్గాలు అనేకం, వాటిలో కేథలిసిడిన్ ఒకటి మాత్రమే, గాజు పాత్రలో ఒక్క మార్గాన్నే విడిగా చూసినప్పుడు కనిపించే బలం, అన్ని మార్గాలూ కలిసి పనిచేసే శరీరంలో అంతగా తేలి కనిపించదు. సోకినవారు జబ్బు పడకుండా ఆపడం గురించి, ముఖ్యంగా నిల్వలు దాదాపు శూన్యమైనవారి గురించి, ప్రశ్న ఇంకా తెరిచే ఉంది.

## ఎక్కువైతే వచ్చే చిక్కు

మందుల దుకాణాల్లో తేలిగ్గా దొరికే 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ వారానికొకటి వాడితే రోజుకు సుమారు 8,570 యూనిట్లు పడినట్లు. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేసిన రోజువారీ పరిమాణం 600 యూనిట్లు. నిర్ధారిత లోపానికి వైద్యులు కొద్ది వారాల పాటు పెద్ద మోతాదు రాయడం వేరు. క్షయ రాకుండా ఉంటుందని నెలల తరబడి సొంతంగా వాడుకోవడం వేరు.

క్షయ రోగులు ఈ విషయంలో జాగ్రత్తపడడానికి అదనపు కారణం ఉంది. గ్రాన్యులోమాలు అనే క్షయ గడ్డల్లో గుమిగూడిన మాక్రోఫేజ్‌లు విటమిన్ డిని చురుకు రూపంగా మార్చుకుంటాయని పైన చూశాం. మూత్రపిండాల్లో ఈ పనికి కళ్లెం ఉంటుంది. ఇక్కడ అది సరిగా ఉండదు. తయారైన చురుకు రూపం రక్తంలోకి పొంగి, కొందరిలో కాల్షియంను ప్రమాదకరంగా పెంచుతుంది. రక్షణకు పనికొచ్చే యంత్రాంగమే అదుపు తప్పితే హాని చేయగలదనడానికి ఇది నిదర్శనం.

## విడి విటమిన్ కాదు, మొత్తం పళ్లెం

ఝార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో జరిగిన ‘రేషన్స్’ అనే పరీక్ష ఈ చర్చను మరో మలుపు తిప్పింది. రోగులందరికీ ఆహార సామగ్రి ఇచ్చి, సగం ప్రాంతాల్లో వారి కుటుంబ సభ్యులకు కూడా నెలనెలా ఒక్కొక్కరికి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, సూక్ష్మపోషకాల మాత్రలు అందించారు. 10,345 మంది కుటుంబ సభ్యులను గమనించి 2023లో ప్రకటించిన ఫలితం ప్రకారం, సామగ్రి అందిన ఇళ్లలో అన్ని రకాల క్షయ కలిపి 39 శాతం, ప్రయోగశాలలో నిర్ధారణ అయిన ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గాయి. రోగుల్లోనూ, మొదటి రెండు నెలల్లో బరువు ఐదు శాతం పెరిగినవారిలో మరణాల ముప్పు బాగా తక్కువగా ఉంది. ఆ మాత్రల్లోని పోషకాలు మేలు చేశాయా, అన్నం పప్పు చేశాయా అన్నది ఆ పరీక్ష విడదీయలేదు. విడదీయడం దాని ఉద్దేశమూ కాదు.

క్షయ రోగుల పోషణ కోసం కేంద్రం 2018 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000కి పెంచారు. ఆ డబ్బు రోగి పేరున వస్తుంది. ఝార్ఖండ్‌లో జబ్బును తగ్గించిన బియ్యం, పప్పు అందింది రోగి పక్కన తింటూ, పడుకుంటూ ఉన్న మిగిలిన కుటుంబానికి. ఆ కుటుంబ సభ్యులకు నివారణగా రుజువైన మందు కూడా ఇప్పటికే ఉంది: ఆరు నెలల ఐసోనియాజిడ్, లేదా దాన్ని రిఫాపెంటిన్‌తో కలిపి వారానికొకసారి చొప్పున పన్నెండు మోతాదులు. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంలో ఈ చికిత్స ఉచితం.